చీకట్లో దిగే రవాణా విమానాలు: బెంగళూరు పాత్ర

సైనికులను, సరుకులను చేరవేయడానికి తయారైన విమానాన్ని శత్రువు కంటపడకుండా కమాండోలను దింపడానికి, పని ముగిశాక వాళ్లను వెనక్కి తేవడానికి, చిక్కుపడిన పౌరులను రాత్రికి రాత్రి తరలించడానికి వీలుగా మార్చుకోవడం చాలా దేశాల వైమానిక దళాల్లో ఉన్న పద్ధతే. భారత వాయుసేనలో ఈ పని ప్రధానంగా సి-130జె-30 సూపర్ హెర్క్యులస్ విమానాలది. ఢిల్లీ పక్కన హిండన్‌లోని 77వ స్క్వాడ్రన్, పశ్చిమ బెంగాల్ పానాగఢ్‌లోని 87వ స్క్వాడ్రన్ వీటిని నడుపుతున్నాయి. ఆ రెండు స్థావరాలూ బెంగళూరుకు దూరం. అయినా ఈ విమానాల కథ చెప్పాలంటే బెంగళూరును వదిలి చెప్పలేం. పారాట్రూపర్ల రెజిమెంట్ శిక్షణ కేంద్రం ఆ ఊళ్లోనే ఉంది. రవాణా విమానాల పైలట్లు చేయి తిప్పుకునే యలహంక స్థావరం మన అనంతపురం నుంచి వెళ్లే దారిలోనే తగులుతుంది. ముప్పై వేల అడుగుల పైనుంచి దూకే కమాండోకు ప్రాణవాయువు అందించే పరికరాలను తయారుచేసిన ప్రయోగశాల కూడా అక్కడిదే.

ఇలాంటి విమానానికి ప్రత్యేకత తెచ్చిపెట్టేది దాని రెక్కలూ ఇంజిన్లూ కావని ఈ చరిత్ర చదివిన వాళ్లకు తెలుస్తుంది. లోపల చేర్చిన పరికరాలు, సిబ్బంది ఏళ్ల తరబడి సాధన చేసిన పని, నేల మీద దాన్ని నిలబెట్టే వ్యవస్థ, ఈ మూడూ కలిసినప్పుడే సరుకుల విమానం కమాండోల విమానమవుతుంది.

తొలి రోజులు

శత్రువు వెనక అడవిలోకి రవాణా విమానాలతో సైన్యాన్ని దింపడం అనే ఆలోచన పెద్ద ఎత్తున పరీక్షకు నిలిచింది మన ఈశాన్యంలోనే. 1944 మార్చి 5 రాత్రి అస్సాంలోని లాలాఘాట్ నుంచి అమెరికన్ సి-47 డకోటాలు గ్లైడర్లను తాళ్లతో లాక్కుంటూ బర్మా వైపు ఎగిరాయి. ఫిలిప్ కాక్రన్, జాన్ అలిసన్ నాయకత్వంలోని మొదటి ఎయిర్ కమాండో గ్రూపు అది. దింపినది బ్రిటిష్ సేనాని ఆర్డ్ వింగేట్ చిండిట్ సేనను. ‘బ్రాడ్‌వే’ అని పేరుపెట్టుకున్న అడవి మైదానంలో గ్లైడర్లు కూలి కొందరు చనిపోయినా, మిగిలిన వాళ్లు అక్కడే రన్‌వే చదును చేశారు. ఆ తర్వాతి రాత్రులలో డకోటాలు ఒకదాని వెనక ఒకటి అక్కడ దిగాయి. వారం రోజుల్లో తొమ్మిది వేల మందికి పైగా సైనికులు జపాన్ సేనల వెనక్కి చేరారు. నేటి అమెరికన్ ప్రత్యేక దళాల వైమానిక విభాగం తన పుట్టుకను ఆ రాత్రి నుంచే లెక్కపెట్టుకుంటుంది.

అదే యుద్ధకాలంలో బెంగళూరు ఆ విమానాలకు ఆసుపత్రి అయింది. వాల్‌చంద్ హీరాచంద్ మైసూరు ప్రభుత్వంతో కలిసి 1940 డిసెంబరులో స్థాపించిన హిందుస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారాన్ని 1943లో అమెరికన్ సైన్యానికి అప్పగించారు. 84వ ఎయిర్ డిపోగా మారిన ఆ కర్మాగారంలో కాటలీనా సముద్ర విమానాలూ, డకోటాలూ వచ్చి బాగుపడి వెళ్లేవి. ఈ నగరానికి రవాణా విమానాన్ని విప్పి మళ్లీ బిగించడం చేతనైంది అప్పుడే.

స్వతంత్ర భారతంలో తొలి ప్రయోగాలకు ఎయిర్ కమోడోర్ మెహర్ సింగ్ పేరు నిలిచిపోయింది. 1947-48 కాశ్మీర్ యుద్ధంలో శత్రువు చుట్టుముట్టిన పూంఛ్‌లో, కొండల మధ్య హడావుడిగా చదును చేసిన నేల మీద, రాత్రిపూట డకోటాలతో దిగారు. బాంబులు వేసే విమానాలు చాలక అవే డకోటాల తలుపుల్లోంచి సిబ్బంది బాంబులను చేత్తో దొర్లించి వేశారు. 1948 మే 24న మేజర్ జనరల్ తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని లేహ్‌లో తొలి డకోటాను దింపారు. క్యాబిన్‌లో గాలి పీడనం నిలిపే ఏర్పాటు లేని విమానంతో హిమాలయ కనుమలు దాటడమంటే ఆనాటి పుస్తకాల ప్రకారం చేయకూడని పని. సరుకుల విమానం ఎంత దూరం సాగుతుందో తేల్చేది నడిపే మనిషేనని ఆ యుద్ధంలోనే బయటపడింది.

ప్యాకెట్ వీపు మీద బెంగళూరు ఇంజిన్

ఎత్తైన చోట విమానం దింపడంలో ఉన్న కష్టాన్ని కొంచెం వివరించాలి. లద్దాఖ్‌లోని దౌలత్ బేగ్ ఓల్డీ రన్‌వే 16,614 అడుగుల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానికి సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. పలుచని గాలిలో రెక్క అంతే బరువు మోయాలంటే విమానం ఎక్కువ వేగంతో సాగాలి. కాక్‌పిట్‌లో వేగం చూపే ముల్లు మామూలు అంకె మీదే ఉన్నా, నేలతో పోల్చిన అసలు వేగం పావు వంతుకు పైగా పెరిగి ఉంటుంది. అంటే ఆగడానికి పొడవైన రన్‌వే కావాలి. లేవడానికి ఇంకా పొడవైనది కావాలి. అదే సమయంలో గాలి చాలక పిస్టన్ ఇంజిన్ శక్తి తగ్గిపోతుంది. కావలసింది పెరుగుతుంది, ఉన్నది తరుగుతుంది.

1962 జులై 23న స్క్వాడ్రన్ లీడర్ సి.కె.ఎస్. రాజే ఫెయిర్‌చైల్డ్ ప్యాకెట్ విమానాన్ని అక్కడ దింపారు. రెండు ఇంజిన్ల ప్యాకెట్‌కు ఆ ఎత్తుల్లో ఉన్న బలం చాలదన్నది వాయుసేన అప్పటికే గ్రహించిన విషయం. దానికి దొరికిన పరిష్కారం విమానం వీపు మీద చిన్న జెట్ ఇంజిన్ బిగించడం. మొదట అమెరికన్ జె34 ఇంజిన్ల జెట్‌ప్యాక్‌లు తెప్పించారు. ఆ తర్వాత హిందుస్తాన్ కర్మాగారం (హెచ్‌ఏఎల్) ఇంకా బలమైన జెట్‌ప్యాక్‌ను రూపొందించింది. అందులో వాడింది బెంగళూరు ఇంజిన్ విభాగం నాట్ యుద్ధవిమానాల కోసం లైసెన్సుపై తయారుచేస్తున్న ఒర్ఫియస్ ఇంజిన్‌ను. యుద్ధవిమానం గుండెను సరుకుల విమానం వీపుకు ఎక్కించారు. లేచేటప్పుడు, కనుమ దాటేటప్పుడు జెట్‌ను వెలిగించడం, అవసరం తీరాక ఆర్పేయడం. ఉన్న విమానాన్ని కావలసిన పనికి మలచుకోవడంలో మన ఇంజినీర్లు చూపిన తెలివికి ఇంతకంటే మంచి ఉదాహరణ మరొకటి కనిపించదు. ఇప్పటి పుస్తకాల్లో దీనికి దక్కిన చోటు మాత్రం చాలా తక్కువ.

గుట్టుగా ఎగిరిన విమానాలు

1962 చైనా యుద్ధం తర్వాత అమెరికా సాయంతో ఏవియేషన్ రీసెర్చ్ సెంటర్ ఏర్పడింది. ఒడిశాలోని చర్‌బాటియా దాని ముఖ్య స్థావరం. టిబెటన్లతో ఏర్పడిన స్పెషల్ ఫ్రాంటియర్ ఫోర్స్‌కు విమానాలు సమకూర్చడం దాని పనుల్లో ఒకటి. సి-46 రవాణా విమానాలు, చిన్న స్థలంలో దిగగల హీలియో కూరియర్లు తొలి రోజుల్లో దానికి ఉండేవి.

1971 యుద్ధంలో వాయుసేన ఏఎన్-12 రవాణా విమానాలను ఏకంగా బాంబర్లుగా మార్చింది. సరుకు పెట్టెలను జార్చే రోలర్ల మీదే బాంబులను పేర్చి, వెనక ర్యాంపు నుంచి వదిలారు. 44వ స్క్వాడ్రన్‌ను నడిపిన వింగ్ కమాండర్ విద్యాభూషణ్ వశిష్ఠ్ లాహోర్ దక్షిణాన ఛాంగా మాంగా అడవిలోని ఆయుధ నిల్వలపై దాడికి నాయకత్వం వహించి మహావీర చక్ర అందుకున్నారు. అదే యుద్ధంలో డిసెంబరు 11న ఏఎన్-12, ప్యాకెట్, కారిబూ, డకోటా విమానాలు 2 పారా బెటాలియన్‌ను తూర్పు పాకిస్తాన్‌లోని టంగాయిల్ దగ్గర దింపాయి. వేరే చోట్ల బొమ్మ పారాట్రూపర్లను వదిలి శత్రువును తికమకపెట్టారు. వెనక్కి తగ్గుతున్న పాకిస్తాన్ దళాల దారిలో పూంగ్లీ వంతెనను పారాట్రూపర్లు పట్టుకున్నారు.

1988 నవంబరు 3 రాత్రి మాల్దీవుల కుట్రను అణచడానికి ఆగ్రా నుంచి రెండు ఐఎల్-76 విమానాలు 6 పారా సైనికులతో బయలుదేరి, దాదాపు 2,600 కిలోమీటర్లు ఎగిరి హుల్‌హులే దీవి రన్‌వేపై దిగాయి. ఆ రన్‌వే అప్పటికి ఎవరి చేతిలో ఉందో దిగేదాకా పూర్తిగా తెలియదు. ఐఎల్-76కు ఆ రోజు ప్రత్యేక పరికరాలేవీ లేవు. ఉన్నది దాని దూరం, దాని కడుపు, పైలట్ల నిబ్బరం. ఆపరేషన్ కాక్టస్ అన్న ఈ చర్య గెలుపు అంత పెద్దది కావడం వల్లనే, ఇలాంటి పనికి వేరే విమానం కావాలన్న ఆలోచన ఆలస్యమైందని ఈ వ్యాసకర్త నమ్మకం.

ఆ కొరత 2008 నవంబరు 26 రాత్రి దేశమంతటికీ తెలిసింది. ముంబైలో కాల్పులు మొదలయ్యాక మానేసర్‌లోని ఎన్‌ఎస్‌జీ కమాండోలు పాలం చేరి, ఐఎల్-76 ఎక్కి ముంబైలో దిగి, పోరుకు దిగేసరికి తెల్లవారింది. ఆ మరుసటి ఏడాది హైదరాబాదు, చెన్నై, ముంబై, కోల్‌కతాలలో ఎన్‌ఎస్‌జీ ప్రాంతీయ కేంద్రాలు తెరుచుకున్నాయి. కమాండోలను దూరం నుంచి తేవడం కంటే దగ్గర పెట్టుకోవడం మేలన్నది ఆ నిర్ణయంలోని పాఠం. అయితే దగ్గర్లో ఎవరూ లేని చోటికి, సరిహద్దు అవతలికి వెళ్లాల్సి వస్తే విమానమే దారి. దాని కోసం ఒప్పందం అప్పటికే, 2008 తొలి నెలల్లోనే, కుదిరింది.

సూపర్ హెర్క్యులస్

ఆరు సి-130జె-30 విమానాలకు దాదాపు 96 కోట్ల డాలర్లతో కుదిరిన ఆ ఒప్పందం అమెరికాతో భారత్ చేసుకున్న పెద్ద ఆయుధ కొనుగోళ్లలో తొలినాటిది. మొదటి విమానాన్ని 2010 డిసెంబరులో జార్జియా రాష్ట్రంలోని మారియెట్టాలో అప్పగించారు. 2011 ఫిబ్రవరి 5న అది హిండన్ చేరింది. 2013 చివర్లో మరో ఆరింటికి ఆర్డరు వెళ్లింది. 2014 మార్చి 28న ఒక విమానం కూలిపోగా దాని స్థానంలో ఇంకొకటి కొన్నారు. ఇప్పుడున్నవి 12.

ఈ విమానం పొడవు 34 మీటర్ల పైచిలుకు, రెక్కల వెడల్పు 40 మీటర్లు. నాలుగు రోల్స్‌రాయిస్ టర్బోప్రాప్ ఇంజిన్లు, ఒక్కొక్కటి 4,600 హార్స్‌పవర్ పైన. ఒక్కో ఇంజిన్‌కు ఆరు రెక్కల డౌటీ ప్రొపెల్లర్. ఒక్క విమానం 90 మందికి పైగా పారాట్రూపర్లను మోయగలదు. అమెరికా తన ప్రత్యేక దళాలకు పొట్టి రకాన్ని ఎంచుకుంటే, భారత్ నాలుగున్నర మీటర్లు పొడవైన ‘జె-30’ రకాన్ని తీసుకుంది. కమాండోల దాడి రోజూ ఉండదు. వరదలు, భూకంపాలు, సరిహద్దు శిబిరాలకు సరఫరా ఏడాది పొడవునా ఉంటాయి. ఒకే విమానంతో రెండు పనులూ చేయించుకోవాలనుకున్న దేశానికి ఆ అదనపు చోటు అక్కరకొచ్చింది.

భారతీయ విమానాల్లో చేర్చినవాటిలో ముఖ్యమైనది ముక్కు కింద తిరిగే గోళంలోని ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. నేల, రాయి, నీరు, చల్లబడని వాహనం ఇంజిను ఒక్కొక్కటి ఒక్కో వేడిని వెదజల్లుతాయి. ఆ తేడాలను బొమ్మగా మార్చి కాక్‌పిట్ తెర మీద చూపుతుంది. పైలట్లు నైట్ విజన్ గాగుల్స్ పెట్టుకుంటారు. అవి నక్షత్రాల మసక వెలుతురును వేల రెట్లు పెంచి చూపిస్తాయి కాబట్టి కాక్‌పిట్‌లోని మామూలు దీపం కూడా కళ్లు జిగేలనిపిస్తుంది. అందుకని లోపలి దీపాలు, తెరలన్నీ గాగుల్స్‌కు సరిపడే రంగులో, సరిపడే మసక కాంతితో వెలగాలి. బయట విమానం వేసే దీపాలు కూడా ఇన్‌ఫ్రారెడ్‌వే. నేల మీద మామూలు కంటితో చూసే మనిషికి అవి ఆరిపోయినట్టే ఉంటాయి. వీటికి తోడు క్షిపణి వస్తున్నట్టు పసిగట్టే సెన్సర్లు, దాన్ని పక్కదారి పట్టించే ఫ్లేర్లు, చాఫ్ వదిలే ఏర్పాట్లు ఉన్నాయి.

పరికరాలు కొనుక్కోవచ్చు. గాగుల్స్ పెట్టుకున్న పైలట్‌కు మనం రోజూ చూసే లోకం కనపడదు. పక్కచూపు తగ్గిపోతుంది, లోతు అంచనా తప్పుతుంది, అంతా ఒకే రంగు. ఆ చూపుతో కొండ లోయ వంపుల్లో తక్కువ ఎత్తున పోతూ, శత్రు రాడార్‌కు కొండే తెరగా పెట్టుకుని ఎగరాలి. 2014లో గ్వాలియర్ దగ్గర కూలిన విమానం ఆగ్రా నుంచి బయలుదేరిన ఇలాంటి తక్కువ ఎత్తు సాధనలోనే ఉంది. ముందు పోతున్న విమానం రెక్కల కొసల నుంచి వెనక్కి తిరిగే గాలి సుడిలో చిక్కుకుంది. నేల అంత దగ్గరగా ఉన్నప్పుడు సర్దుకునే వ్యవధి ఉండదు. అందులోని అయిదుగురు సిబ్బందీ చనిపోయారు. యుద్ధం లేని రోజుల్లో, అందరి కళ్లకూ దూరంగా జరిగే ఈ సాధనకు కట్టే మూల్యం అది.

దౌలత్ బేగ్ ఓల్డీలో 2013 ఆగస్టు 20న గ్రూప్ కెప్టెన్ తేజ్‌బీర్ సింగ్ నాయకత్వంలో సి-130జె దిగింది. ఈ రకం విమానం అంతకంటే ఎత్తున ఎక్కడా దిగలేదు. అదే ఏడాది జూన్‌లో ఉత్తరాఖండ్ వరదలప్పుడు ధరాసూలోని చిన్న రన్‌వేపై దిగి హెలికాప్టర్లకు ఇంధనం అందించింది. 2017 అక్టోబరులో ఆగ్రా-లక్నో ఎక్స్‌ప్రెస్‌వేపై యుద్ధవిమానాల కంటే ముందు ఇదే దిగి వాయుసేన గరుడ్ కమాండోలను దించింది. రోడ్డును కాపాడుకుంటేనే తర్వాతి విమానాలు దిగగలవు గదా. మన బాపట్ల జిల్లాలో జాతీయ రహదారి 16 మీద కట్టిన 4.1 కిలోమీటర్ల అత్యవసర రన్‌వేపై 2024 మార్చిలో ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు దిగి లేచాయి. ఆ రోడ్డు వెడల్పు 33 మీటర్లే. రెక్కలు పైకప్పున ఉండే రవాణా విమానాలకు ఇలాంటి చోట మేలు; రోడ్డు అంచున ఉన్న చిన్నపాటి అడ్డంకులు రెక్క కిందనే ఉండిపోతాయి.

సి-130జె దేనికి పుట్టిందో అందరికీ అర్థమైన రాత్రి 2023 ఏప్రిల్ 27-28. సూడాన్ అంతర్యుద్ధంలో చిక్కుపడిన భారతీయులను తెచ్చే ఆపరేషన్ కావేరీలో భాగంగా, ఖార్టూమ్‌కు ఉత్తరాన నలభై కిలోమీటర్ల దూరంలోని వాదీ సయ్యిద్నా రన్‌వేకు ఒక సి-130జె బయలుదేరింది. అక్కడ దారి చూపే సంకేతాలు లేవు, ఇంధనం లేదు, రన్‌వే దీపాలు లేవు. రన్‌వే మీద అడ్డంకులేమీ లేవని, పక్కన శత్రువులు లేరని సిబ్బంది ఇన్‌ఫ్రారెడ్ కెమెరాతోనే చూసుకున్నారు. గాగుల్స్‌తో చీకట్లోనే దిగారు. ఇంజిన్లు ఆపకుండానే ఎనిమిది మంది గరుడ్ కమాండోలు 121 మందిని సామాన్లతో సహా ఎక్కించారు. వాళ్లలో రోగులు, గర్భిణి కూడా ఉన్నారు. వచ్చినట్టే చీకట్లో లేచి రెండున్నర గంటల్లో జెడ్డా చేరారు. 2024 జనవరిలో కార్గిల్ రన్‌వేపై తొలిసారి రాత్రి దిగింది కూడా ఇలాగే, కొండలను తెరగా వాడుకుంటూ, గరుడ్ కమాండోలతో.

పని పెద్దదైతే సి-17 గ్లోబ్‌మాస్టర్ రంగంలోకి వస్తుంది. 2024 మార్చి 16న అరేబియా సముద్రంలో దొంగల చేతిలో ఉన్న ‘రూయెన్’ ఓడ దగ్గర, భారత తీరానికి దాదాపు 2,600 కిలోమీటర్ల అవతల, ఒక సి-17 రెండు రబ్బరు పడవలనూ మార్కోస్ నౌకా కమాండోలనూ పారాచూట్లతో దింపింది. ఐఎన్‌ఎస్ కోల్‌కతా నౌకతో కలిసి వాళ్లు 17 మంది సిబ్బందిని విడిపించారు. 35 మంది దొంగలు లొంగిపోయారు. మార్కోస్‌కు విశాఖపట్నం పక్కన భీమునిపట్నంలో ఐఎన్‌ఎస్ కర్ణ అనే స్థావరం 2016 నుంచి ఉంది.

విమానం నుంచి నేల దాకా

కమాండోలు దూకే పని విమానం ర్యాంపు దగ్గర ఆగదు. అక్కడి నుంచి నేల దాకా ఉన్న దూరంలో బెంగళూరుకు ఎక్కువ పనుంది.

విమానం శబ్దం కిందికి వినపడకూడదంటే చాలా ఎత్తు నుంచి దూకాలి. 32,000 అడుగుల దగ్గర గాలి పీడనం సముద్రమట్టంలో ఉండే దానిలో నాలుగో వంతుకు కాస్త ఎక్కువ. చలి దాదాపు సున్నాకు 48 డిగ్రీలు దిగువ. ర్యాంపు తెరవాలంటే ముందు విమానం లోపలి పీడనాన్ని బయటి పీడనానికి దించాలి. ఆక్సిజన్ మాస్కు లేని మనిషి ఒకటి రెండు నిమిషాల్లో ఆలోచించే శక్తి కోల్పోతాడు. ఇంకో ప్రమాదం రక్తంలోని నైట్రోజన్. పీడనం హఠాత్తుగా తగ్గినప్పుడు అది బుడగలై కీళ్లలో, మెదడులో చిక్కుకుంటుంది. అందువల్ల దూకేవాళ్లు చాలాసేపు ముందు నుంచే స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలుస్తూ నైట్రోజన్‌ను బయటకు పంపేస్తారు. ఈ సమయంలో విమానం ఆక్సిజన్ గొట్టాల నుంచి ఒంటి మీది సిలిండర్‌కు మారే క్షణంలో ఒక్క ఊపిరి బయటి గాలి పీల్చినా చేసిందంతా వృథా కావచ్చు.

రక్షణ పరిశోధన సంస్థకు చెందిన బెంగళూరు ప్రయోగశాల డెబెల్ మనిషి శరీరానికీ యుద్ధ యంత్రానికీ మధ్య నిలిచే పరికరాల మీద పనిచేస్తుంది. ఆగ్రాలోని పారాచూట్ల ప్రయోగశాల ఏడీఆర్‌డీఈతో కలిసి అది తయారుచేసిన మిలిటరీ కంబాట్ పారాచూట్ సిస్టమ్‌తో 2025 అక్టోబరులో వాయుసేన టెస్ట్ జంపర్లు 32,000 అడుగుల నుంచి దూకారు. 25,000 అడుగుల పైన తెరవగలిగే పారాచూట్ మన సైన్యంలో ఇదొక్కటే. కిందికి దిగే వేగం తక్కువ, దారి మళ్లించే అదుపు ఎక్కువ. దారి చూపేది మన ‘నావిక్’ ఉపగ్రహాలు కాబట్టి యుద్ధ సమయంలో పరాయి దేశం సంకేతాలు ఆపేస్తుందన్న బెంగ లేదు. అంత ఎత్తున పారాచూట్ తెరిస్తే గాలి వాలును బట్టి ఎన్నో కిలోమీటర్లు జారుతూ పోయి దిగవచ్చు. విమానం సరిహద్దు ఇవతలే ఉండి తిరిగిపోవచ్చు. విమానంలో మార్పు చేయకుండానే దాని చేరువను పెంచే మార్పు ఇది.

బెంగళూరులోనే 1957 నుంచి ఉన్న ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థలో పీడనం తగ్గించే గదులున్నాయి. పలుచని గాలిలో తన బుర్ర ఎలా మొద్దుబారుతుందో నేల మీదే అనుభవించి తెలుసుకునే చోటు అది. పారాచూట్ రెజిమెంట్ శిక్షణ కేంద్రం 1992లో ఆగ్రా నుంచి బెంగళూరుకు వచ్చింది. రంగురూట్లు ఇక్కడ తయారై, దూకడం నేర్చుకోవడానికి ఆగ్రా వెళతారు. రవాణా విమానాల దారి ఎంచుకున్న పైలట్ క్యాడెట్లు యలహంకలో డోర్నియర్ల మీద చేయి తిప్పుకుంటారు. ఏ కొత్త పరికరం బిగించినా ఎగరేసి చూసే టెస్ట్ పైలట్ల సంస్థ ఆస్టే, సైనిక విమానానికి యోగ్యతా పత్రం ఇచ్చే సెమిలాక్ కూడా ఈ నగరంలోనే.

మార్పు ఎంత ప్రమాదకరమో కూడా బెంగళూరుకు తెలుసు. హెచ్‌ఎస్-748 ఆవ్రో రవాణా విమానం వీపు మీద గుండ్రటి రాడార్ గొడుగు బిగించి, ముందస్తు హెచ్చరిక విమానంగా మార్చే పనిని ఇక్కడి రక్షణ పరిశోధన సంస్థ క్యాబ్స్ చేపట్టింది. 1999 జనవరి 11న అరక్కోణం దగ్గర ఆ విమానం కూలి ఎనిమిది మంది శాస్త్రవేత్తలు, వాయుసేన అధికారులు చనిపోయారు. ఆ పథకం అక్కడితో ఆగింది. అదే సంస్థ ఎంబ్రాయర్ జెట్ మీద కట్టిన ‘నేత్ర’ 2017లో వాయుసేనకు అందింది.

బయటి దేశాల అనుభవం

ఈ రంగంలో అందరికంటే ముందున్నది అమెరికా. వియత్నాం యుద్ధ కాలంలో మొదలైన ఎంసి-130 కుటుంబం నేటి ఎంసి-130జె కమాండో 2 దాకా వచ్చింది. దానికి నేల ఎత్తుపల్లాలను వెంటాడే రాడార్ ఉంది, హెలికాప్టర్లకు గాలిలో ఇంధనం పోస్తుంది. అంత అనుభవం ఉన్న దేశమూ 1980 ఏప్రిల్‌లో ఇరాన్ ఎడారిలో దెబ్బతింది. బందీలను విడిపించడానికి వెళ్లిన హెలికాప్టర్ ఒకటి నేల మీదున్న ఇసి-130ను గుద్దుకుని ఎనిమిది మంది చనిపోయారు. వెంటనే, స్టేడియంలో దిగి లేవగల హెర్క్యులస్ కావాలని దాని చుట్టూ రాకెట్లు బిగించారు. ఆ అక్టోబరులో పరీక్షలో రాకెట్లు ముందే మండి విమానం నేలకు కొట్టుకుని రెక్క విరిగింది. సరుకుల విమానాన్ని ఎంతవరకు వంచవచ్చో ఆ రోజు హద్దు తేలింది. 1976 జులైలో ఇజ్రాయెల్ నాలుగు హెర్క్యులస్‌లతో ఎంటెబ్బే విమానాశ్రయంలో సాధించిన దానికి మామూలు సి-130లే సరిపోయాయి. బ్రిటన్ 2023లో తన సి-130జెలను సేవ నుంచి తప్పించి పెద్దదైన ఎ400ఎం మీద ఆధారపడుతోంది.

తోక హైదరాబాదులో, మరమ్మతు బెంగళూరులో

ప్రపంచంలో ఎక్కడికి వెళ్లే కొత్త సి-130జెకైనా తోక భాగం హైదరాబాదు శివార్లలోని ఆదిభట్ల నుంచే వెళుతుంది. టాటా, లాక్‌హీడ్ మార్టిన్ 2010లో పెట్టిన ఉమ్మడి సంస్థ అక్కడ రెండు వందలకు పైగా తోకలు తయారుచేసింది. ప్రత్యేక దళాల కోసం అమెరికా కొనే విమానమైనా తోక తెలుగు నేల మీద బిగించినదే.

ఈ ఇద్దరు భాగస్వాములే 2025 డిసెంబరులో బెంగళూరులో సి-130ల మరమ్మతు కేంద్రానికి పునాది వేశారు. భారత వాయుసేన విమానాలతో పాటు చుట్టుపక్కల దేశాల హెర్క్యులస్‌లనూ ఇక్కడికి రప్పించాలన్నది ఉద్దేశం. పన్నెండు విమానాలే ఉన్న దళంలో రెండు భారీ తనిఖీకి వేరే దేశం వెళితే దళం ఆరో వంతు తగ్గిపోయినట్టే. రాత్రికి రాత్రి పిలుపు వచ్చే పనిలో అది చిన్న లెక్క కాదు.

ఇంకా తీరని లోపాలున్నాయి. సి-130జెలకు గాలిలో ఇంధనం నింపుకునే ఏర్పాటుంది, కానీ దానికి గట్టి గొట్టంతో పోసే ట్యాంకర్ కావాలి. మన ఐఎల్-78 ట్యాంకర్లు మెత్తటి గొట్టం కొసన వేలాడే గరాటుతో పోస్తాయి. రెండూ కలవవు కాబట్టి ఆ ఏర్పాటు అక్కరకు రావడం లేదు. 1984 నుంచి సేవలో ఉన్న ఏఎన్-32ల స్థానంలో మధ్యతరహా రవాణా విమానం కోసం వాయుసేన వెతుకుతోంది. పోటీలో టాటాతో కలిసి సి-130జె, మహీంద్రాతో కలిసి బ్రెజిల్ సి-390, ఐరోపా ఎ400ఎం ఉన్నాయి. ఏది గెలిచినా అందులో కొన్నిటిని చీకటి పనికి కేటాయించాలన్న మాట టెండరు రాసేటప్పుడే చేరాలి. గాగుల్స్‌కు సరిపడే కాక్‌పిట్, కెమెరా గోళం, ట్యాంకర్‌తో కలిసే ఇంధన గొట్టం మొదటి రోజునుంచే ఉంటే ఖర్చు తక్కువ. తర్వాత విప్పి బిగించే ప్రతి వైరుకూ ఆస్టే, సెమిలాక్ మళ్లీ మొదటి నుంచి పరీక్షలు జరపాలి.